చొక్కా కాలలేదు

ఇలా దగ్గరికి జరిగి కూర్చో. గొంతు పెంచి చెప్పే కథ కాదిది. ఊఁ కొట్టకపోయినా ఫరవాలేదు, మధ్యలో మాత్రం లేచిపోకు.

ఒక మనిషి కాలి చచ్చిపోయాడు. ఆయన చొక్కా మాత్రం కాలలేదు.

ఉదయం 8:20. ఆస్పత్రి రెండో అంతస్తు, చివరి గది. మంచం మీద తెల్ల దుప్పటి. దుప్పటి కింద ముప్పైనాలుగేళ్ళ మనిషి. ఎక్స్‌రే ట్యూబులు తయారుచేసే ఫ్యాక్టరీలో టెస్టర్.

డాక్టరమ్మ దుప్పటి కిందికి దించింది. గడ్డం కింద మొదలై రొమ్ము మీదంతా ఒకే గాయం. అన్నం పళ్ళెమంత. గిరి గీసినట్టు గుండ్రంగా.

ఇన్‌స్పెక్టరమ్మ సంచిలోంచి టేపు తీసి కొలిచింది. తొందర లేకుండా రెండుసార్లు కొలిచింది. ఆవిడ ఏ పనైనా అంతే. అందుకే స్టేషన్‌లో వెనకాల అందరూ నత్తమ్మ అంటారు. ఆవిడకీ తెలుసు. నత్త మెల్లగానే పోతుంది గానీ ఏ గోడా ఎక్కకుండా వదలదు, అని ఆవిడ నవ్వేస్తుంది.

"నిప్పా?"

"కాదు."

"యాసిడ్?"

"కాదు మేడమ్. అయితే చొక్కా మిగలదుగా. చిన్న మచ్చ కూడా లేదు. పైగా ఇది ఆ రోజే వచ్చింది కాదు. మొదటి రోజులు వాంతులు. తర్వాత బాగానే తిరిగాడు. ఎనిమిదో రోజు చర్మం ఎర్రబడింది. ఆ తర్వాత జుట్టు ఊడింది, రక్తకణాలు పడిపోయాయి. ఇవాళ ఇరవై మూడో రోజు."

"అంటే?"

"ఎక్స్‌రే. మనం ఫోటోకి వాడేంత కాదు. వేల ఫోటోలు ఒక్కచోటే తీసినంత."

బయట బల్ల మీద అతని భార్య కూర్చుని ఉంది. ఏడుపు అయిపోయిన మొహం. ఒళ్ళో మూడు గిన్నెల క్యారేజీ. తినే మనిషి లేడని తెలిసీ పొద్దున వంట చేసి తెచ్చింది పిచ్చితల్లి.

ఇన్‌స్పెక్టర్ పక్కన కూర్చుంది.

"నీకెవరి మీదైనా అనుమానం ఉందా అమ్మా?"

"ఎవరి మీద అండీ? అక్కడ సూపర్‌వైజరు మా సొంత అన్నయ్యే. ఆయన్ని కంటికి రెప్పలా చూసుకునేవాడు."

8:55కి ఫోన్ మోగింది. పై ఆఫీసరు.

"ల్యాబ్ రిపోర్టు వచ్చిందటగా? బిళ్ళలు గరుకుగా ఉన్నాయట. మెరుగు పెట్టింది ఎవరో ముసలామెట. నిర్లక్ష్యం కేసు. సాయంత్రం ఐదింటికి అరెస్టు చూపించు."

"సర్, నాకు కొంచెం..."

"ఐదింటికి అన్నాను."

*

ఆ బిళ్ళల సంగతి ఇప్పుడే చెప్పుకుందాం. లేకపోతే ముందుకి పోలేం.

ఎక్స్‌రే ట్యూబులో రెండు లోహపు బిళ్ళలు ఎదురెదురుగా ఉంటాయి. ట్యూబులోకి పెట్టేముందు వాటిని పరీక్షించాలి. గది మధ్యలో ఒక స్టీలు ట్యాంకు. దానికి సాసరంత గాజు కిటికీ. బిళ్ళలు లోపల బిగించి, గాలంతా తోడేసి, లక్ష వోల్టులు పెడతారు. టెస్టరు కిటికీ ముందు కూర్చుని రవ్వలు వస్తాయేమో చూస్తాడు. పక్కనే మీటరు మీద ఒక ముల్లు. బిళ్ళ మంచిదైతే ముల్లు కదలదు. కదిలితే కిటికీకి సీసపు మూత వేసేసి స్విచ్ కట్టేయాలి. అదీ రూలు.

పది రోజుల కిందట, ఇది పనిచేసే చోట తగిలిన దెబ్బేమోనని డాక్టరమ్మ ఫోన్ చేసినప్పుడే నత్తమ్మ ఆ గదికి సీలు వేసింది. టెస్టర్ ఆఖరుగా చూసిన మూడు జతల బిళ్ళల్ని ల్యాబుకి పంపింది. రిపోర్టు ఇప్పుడు ఆవిడ చేతిలో ఉంది. గరుకన్న మాట బయటికి పొక్కింది గానీ, రిపోర్టు ఇంకెవరికీ చూపించలేదు.

జీపులోంచే ల్యాబు ఆయనకి ఫోన్ చేసింది.

"మీ ఇంగ్లీషు నాకొద్దు. నాకర్థమయ్యేలా చెప్పండి. బిళ్ళ గరుకైతే మనిషెలా చస్తాడు?"

అటు వైపు ఆయన నవ్వాడు.

"మేడమ్, బయలు పొలంలో పిడుగు దేని మీద పడుతుంది?"

"ఎత్తుగా ఉన్న దాని మీద."

"అదే. లోహంలో ఎలెక్ట్రాన్లు సంచిలో గింజల్లా ఉంటాయి. వేడి చేస్తే పొంగి బయటికొస్తాయి. చల్లగా ఉంటే రావు. కానీ పైన సూదిమొనల్లాంటి గరుకు ఉందనుకోండి, కంటికి ఆనని గరుకు, వోల్టేజి లాగుడంతా ఆ మొనల దగ్గరే గుమిగూడుతుంది. మామూలుకన్నా వంద రెట్లు. అప్పుడు చల్లని లోహంలోంచి కూడా ఎలెక్ట్రాన్లని పీకేస్తుంది. లోపల గాలి లేదు, అడ్డుపడేదీ లేదు. ఎగిరి వెళ్ళి ఎదుటి బిళ్ళని గుద్దుతాయి. ఆ గుద్దుడికి పుట్టేదే ఎక్స్‌రే."

"కంటికి కనిపిస్తుందా?"

"కనిపించదు. వాసన లేదు, చప్పుడు లేదు, వేడి లేదు. కూర్చున్న మనిషికి కూర్చున్నట్టే ఉంటుంది."

పక్కన కూర్చుని వాంగ్మూలాలు రాసే కానిస్టేబులు, అందరూ రైటరనే పిలుస్తారు, చొక్కా గుండీ పై వరకూ పెట్టుకున్నాడు.

"ఎందుకయ్యా?"

"ఏమో మేడమ్. చలేసింది."

*

10:05. ఫ్యాక్టరీ.

యజమానిని అందరూ పెద్దాయన అంటారు. గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"ఆవిడకి యాభై ఎనిమిదేళ్ళమ్మా. చూపు ఆనడం లేదు. జాలిపడి ఉంచుకున్నాను. నా తప్పే."

ఆవిడ అంటే మెరుగు పిన్ని. వరండా చివర బల్ల ముందు కూర్చుని ఉంది. సన్నటి మనిషి, మెత్తటి చేతులు. ఇరవై ఆరేళ్ళుగా ఆ బిళ్ళలకి మెరుగు పెట్టేది ఆవిడే. ఎదురుగా ఒక బిళ్ళ, అద్దంలా ఉంది.

"నన్ను తీసుకుపోతారంటగా?" అంది తలెత్తకుండా. "మా కోడలికి ఫోన్ చేసి చెప్పాను, పొయ్యి మీద నాకు బియ్యం పెట్టద్దని."

"ఎవరు చెప్పారు తీసుకుపోతామని?"

"ఎవరు చెప్పాలి? పొద్దున్నుంచి ఒక్కరూ నా మొహం చూడట్లేదు."

నత్తమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది.

"మీ పని చూపించండి పిన్నీ."

"చూడ్డానికేముంది? మెత్తటి గుడ్డ, పిండిలాంటి పొడి. గుండ్రంగా తిప్పడం. ఒక్క బిళ్ళకి మూడు గంటలు. అటూ ఇటూ తిన్నగా రుద్దితే చారలు పడతాయి. ఈ చేయి తిన్నగా పోనేపోదు. ఇంట్లో గచ్చు తుడిచినా గుండ్రంగానే తుడుస్తుంది. మా కోడలు నవ్వుతుంది."

"బాగా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? చూపు ఆనదంటున్నారుగా?"

ముసలామె మొదటిసారి తలెత్తింది. కళ్ళలో చురుక్కుమంది. బిళ్ళని మెత్తటి తోలుతో పట్టుకుని హా అని దాని మీద ఊపిరి వదిలింది. బిళ్ళంతా ఒకే పొరగా మసకేసింది. ఒకే పొరగా అంచుల నుంచి లోపలికి విడిపోయింది.

"గీత ఉంటే ఆవిరి అక్కడ తెగుతుంది. దీనికి చూపెందుకు? చివర్న స్పిరిట్‌తో కడిగి డబ్బాలో పెట్టి ఇస్తాను. వేలు తగలనివ్వను. నా మనవడి బుగ్గనైనా అంత జాగ్రత్తగా పట్టుకోలేదు."

"ఆ మూడు జతలూ ఎప్పుడిచ్చారు?"

"పరీక్షకి ముందు శనివారం. సాయంత్రం నాలుగుంపావు. ఆరు బిళ్ళలూ ఊపిరి పెట్టి చూశాను. సూపర్‌వైజరు బాబు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడు. సోమ, మంగళ, బుధ మూడు రోజులూ పొద్దున తొమ్మిదింటికి ఆయనే రోజుకో జత తీసి ట్యాంకులో బిగించాడు. ఇక్కడ అంతే, బిగించేవాడు వేరు, పరీక్షించేవాడు వేరు. ఒకరి తప్పు ఇంకొకరి కంట పడాలని."

ఆవిడ గొంతు తగ్గించింది.

"ఒకటి చెప్పనా అమ్మా? చెప్తే చాడీ అవుతుందేమో."

"చెప్పండి. చాడీలు వినే ఉద్యోగమే నాది."

"ఈ బల్ల దగ్గర్నుంచి టెస్టు గది గుమ్మం తిన్నగా కనిపిస్తుంది. బావా బావమరుదులు రోజూ ఆ గదిలోనే ఒక్క బల్ల మీద తినేవాళ్ళు. ఆ మూడు రోజులు తినలేదు. తొమ్మిదిన్నరకి స్విచ్ పడగానే సూపర్‌వైజరు బాబు బయటికొచ్చేవాడు. ఇక గడప తొక్కితే ఒట్టు. ఒంటిగంటకి చెల్లెలు పంపిన క్యారేజీ తెచ్చి గుమ్మంలో పెట్టి, కాలితో లోపలికి తోసి పోయేవాడు. కుక్కకి పెట్టినట్టు. ఇద్దరికీ మాటల్లేవేమో అనుకున్నాను."

రైటరు కలం ఆగిపోయింది.

"రాయవయ్యా," అంది నత్తమ్మ.

*

11:20. సూపర్‌వైజరు గది.

నలభై ఏళ్ళ మనిషి. ఇస్త్రీ చొక్కా. ఏడ్చి ఉబ్బిన కళ్ళు.

"మా బావండీ. నా చెల్లెలి తాళి తెగిపోయింది. నన్నేం అడగాలో అడగండి."

రైటరు మొదలుపెట్టాడు. "ట్యాంకులో లక్ష వోల్టుల కరెంటు..."

"కరెంటు కాదండీ, వోల్టేజి. కరెంటు అంటే వేరు. సరిగ్గా రాసుకోండి."

"అలాగే సార్."

"సీసపు మూత ఏమైంది?" నత్తమ్మ అడిగింది.

"కీలు ఊడింది. రిపేరుకి పంపాను."

"సోమవారం 8:50కి. గేటు పుస్తకంలో చూశాను. మూత లేకపోతే పరీక్ష ఆపాలిగా?"

"రవ్వల వెలుగు కళ్ళకి కొట్టకుండా ఆ మూత, అనుకున్నాం మేడమ్."

"ముల్లు కదిలిందని టెస్టరు పుస్తకంలో రాశాడు. 10:05, ముల్లు మూడు గీతలు పైకి. 'బావ ఇంటర్‌కమ్‌లో చెప్పాడు, కొత్త బిళ్ళలు మొరాయిస్తాయి, కిటికీ దగ్గరే కూర్చుని చూస్తుండమన్నాడు' అని రాశాడు. 11:00, మూడు గీతలు. 12:00, మూడు గీతలు. మూడు రోజులూ ఇదే."

"అది మామూలేనండీ. కాసేపు వదిలేస్తే ముల్లు అదే దిగుతుంది. ఇక్కడెవరినైనా అడగండి, ఫిలమెంటు తీగ వెలిగితేనే ఎక్స్‌రే వస్తుంది. ఈ ట్యాంకులో తీగే లేదు. చల్లని లోహంలోంచి ఎలెక్ట్రాన్లు ఎలా వస్తాయి? గరుకుంటే వస్తాయని నేనింతవరకు వినను కూడా వినలేదు. మీ ల్యాబువాళ్ళు అంటుంటే ఇవాళే తెలిసింది."

"ఇవాళే."

"దేవుడి మీద ఒట్టు."

నత్తమ్మ ఫ్యాక్టరీలో పదకొండు మందిని అదే అడిగింది. పదకొండు మందీ అదే చెప్పారు. తీగ లేందే కిరణం లేదు. ఎక్స్‌రేల మధ్యే బతికే మనుషులు. పొయ్యి వెలిగించకపోతే చేయి కాలదనుకున్నట్టు, ఆ ట్యాంకుకి భయపడటం వాళ్ళకి అలవాటే లేదు. టెస్టరుకీ లేదు. అందుకే మూడు రోజులు రొమ్ము ఆనించి కూర్చున్నాడు.

పదకొండు మందికీ తెలియదు. మరి ఒక్కడు గుమ్మం బయటే ఎందుకు ఆగాడు?

ఆవిడ మధ్యాహ్నమంతా పాత పుస్తకాలు తిరగేసింది. రైటరు గడియారం చూస్తూనే ఉన్నాడు.

"మేడమ్, మూడున్నర."

"కళ్ళున్నాయయ్యా నాకు."

"పై ఆయన ఐదింటికన్నారు."

"ఐదింటికి అరెస్టు అన్నారు. ఎవరినో మనం చూద్దాం."

*

4:10. టెస్టు గది. ట్యాంకు చల్లగా, బండలా నిలబడి ఉంది. మెయిన్ ఫ్యూజు నత్తమ్మ సంచిలో ఉందని తెలిసినా దాని కిటికీకి ఎదురుగా ఒక్కరూ నిలబడలేదు. పెద్దాయన గోడకి ఆనుకున్నాడు. సూపర్‌వైజరు చెల్లెల్ని పట్టుకుని నిలబడ్డాడు. మెరుగు పిన్ని తలుపు దగ్గర, చేతిలో చిన్న గుడ్డసంచి. జైలుకి పోవడానికి సర్దుకొచ్చింది కాబోలు.

బల్ల మీద తోలు పరిచి ఆరు బిళ్ళలు. అన్నీ బోర్లా కాదు, వెల్లకిలా. అన్నీ ఒకేలా మెరుస్తున్నాయి.

"పిన్నీ, వీటిలో మీ పని ఏది, కానిది ఏది?"

ముసలామె వంగింది. ఒక్కో బిళ్ళ మీదా ఊపిరి వదిలింది. హా. ఒకే పొర. పక్కన పెట్టింది. హా. మసక మధ్యలో సన్నగా తెగింది. వేరే పెట్టింది.

మూడు ఇటు, మూడు అటు.

"ఈ మూడూ నా పని. ఆ మూడూ నావే గానీ, తర్వాత ఎవరో ముట్టుకున్నారు. ఉప్పు కాగితంతో రుద్దారు. చూడండి, గీతలు తిన్నగా ఉన్నాయి. పైకీ కిందికీ. నా చేయి అలా పోదు."

"ఆవిడ అలాగే అంటుంది," అన్నాడు పెద్దాయన. "తప్పు నాదని ఎవరొప్పుకుంటారు?"

"నిజమే. ఆవిడ మాట పక్కన పెడదాం." నత్తమ్మ బిళ్ళ తిప్పింది. వెనకాల పెన్సిలుతో ఒక గుర్తు. "బిగించాక ఏ బిళ్ళ ఏ వైపున ఉందో టెస్టరు రాసిన గుర్తు ఇది. మైనస్ లేదా ప్లస్. పిన్నీ, మీరిచ్చేటప్పుడు ఈ గుర్తు ఉంటుందా?"

"లేదమ్మా. కవల పిల్లల్లా ఉంటాయి రెండూ. ఎవరు ఎటు పోతారో నాకేం తెలుసు? అది బిగించేవాళ్ళ ఇష్టం."

"విన్నారుగా." నత్తమ్మ రిపోర్టు విప్పింది. తాపీగా కళ్ళజోడు పెట్టుకుంది. "ల్యాబువాళ్ళు ఏమన్నారంటే, గరుకుగా ఉన్న మూడు బిళ్ళలూ ప్లస్ వైపువే. ప్లస్ వైపు గరుకు మొనల్లోంచి ఎలెక్ట్రాన్లు ఊడి మైనస్ వైపు పోయి..."

"ప్లస్ కాదు మేడమ్!" సూపర్‌వైజరు విసుగ్గా అడ్డొచ్చాడు. "ప్లస్ మీద ఎంత గరుకున్నా ఏం రాదు. మైనస్ బిళ్ళ మీద మొన ఉంటేనే ఎలెక్ట్రాన్లు..."

ఆగిపోయాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని సామెత. ఇతను తడుముకోలేదు, దులుపుకున్నాడు.

"రైటరూ, పొద్దున 11:20 వాంగ్మూలం చదువు."

"'గరుకుంటే వస్తాయని నేనింతవరకు వినను కూడా వినలేదు.' కింద సంతకం ఉంది మేడమ్."

"అది... ఇవాళ మధ్యాహ్నం పుస్తకాల్లో చూశాను," అన్నాడు సూపర్‌వైజరు.

"రెండు నెలల కిందట చూశారు. నాలుగు రోజుల ట్రైనింగు, రెండో రోజు పాఠం ఇదే. హాజరు పట్టీలో మీ సంతకం ఉంది. పదకొండు మందికి తెలియనిది ఈ ఫ్యాక్టరీలో మీ ఒక్కరికే తెలుసు." నత్తమ్మ గొంతు పెరగలేదు. "నేను తప్పు చదివాను. రిపోర్టులో మైనస్ అనే ఉంది. చూపు ఆనని ముసలామె చేయి జారితే ఆరింటిలో ఏదైనా చెడాలి. ఒకసారి మైనస్ వైపు పడితే ఖర్మ అనుకుంటాను. మూడు రోజులు, మూడు జతలు, మూడుసార్లూ మైనస్ బిళ్ళే. ప్లస్ బిళ్ళ మీద గీత లేదు. ఏది ఎటు పోతుందో తెలిసినవాడే రుద్దాడు. బిగించేవాడే రుద్దాడు. మూత తీయించాడు. కిటికీ దగ్గరే కూర్చోమన్నాడు. తను మాత్రం గడప దాటలేదు."

"నేనెందుకు చేస్తానండీ? మా బావని?"

"ఐదు నెలల్లో నూట నలభై ట్యూబులకి 'పరీక్షించాం' అని మీ ముద్ర ఉంది. టెస్టరు పుస్తకంలో ఉన్నవి అరవై ఒకటే. మిగతావి అసలు ఈ ట్యాంకు మొహమే చూడలేదు. ఆస్పత్రులకి పోయాయి."

పెద్దాయన గోడ వెంట జారి స్టూలు మీద కూలబడ్డాడు.

అప్పటిదాకా అన్న భుజాన్ని పట్టుకుని ఉన్న చెల్లెలు చేయి తీసేసింది. నెమ్మదిగా, వేడి గిన్నె మీంచి తీసినట్టు.

"వారం టైమిచ్చారు," అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"ఆ సోమవారానికి ముందు ఆదివారం ఆయన నాతో అన్నారు. 'మీ అన్నయ్యకి వారం టైమిచ్చాను, తనే వెళ్ళి పెద్దాయనకి చెప్పేసుకుంటాడు, పరువు నిలబడుతుంది' అని. ఏం చెప్పాలండీ అంటే, నీకెందుకులే, మీ అన్నని నీ ముందు చిన్నబుచ్చనా అన్నారు." అన్న వైపు తిరిగింది. "నువ్వు చిన్నబోకూడదని ఆయన నాకు కూడా చెప్పలేదు అన్నయ్యా. ఆయనిచ్చిన వారంలో నువ్వు మూడు రోజులు వాడుకున్నావు."

"అమ్మలూ, నేను... వాంతులు చేసుకుని ఉద్యోగం మానేస్తాడనుకున్నానే. చస్తాడనుకోలేదు."

"రాయి," అంది నత్తమ్మ రైటరుతో.

4:41కి బేడీలు పడ్డాయి. అతని సొరుగులో అడుగున ఉప్పు కాగితం ముక్క దొరికింది, లోహపు పొడితో సహా. చెల్లెలు అటు చూడలేదు. కిటికీ ముందున్న కుర్చీని, ఆయన కూర్చున్న కుర్చీని, చేత్తో ఒకసారి తడిమి బయటికి వెళ్ళిపోయింది.

రైటరు ఆరు బిళ్ళలూ కవర్లలో పెట్టి లక్క కరిగించాడు.

"ఆ మూడూ ఒక్క పూట నాకిస్తారా?" మెరుగు పిన్ని అడిగింది.

"ఎందుకు పిన్నీ?"

"మెరుగు పెట్టి ఇస్తాను."

"అవి సాక్ష్యం. ఆ గీతలే ఉండాలి."

"కోర్టులో పదిమందీ చూస్తారుగా. ఇరవై ఆరేళ్ళు చేసి, చివరికి ఇలాంటి బిళ్ళ ఇచ్చిందా ఈవిడ అనుకోరూ?"

పెద్దాయన తల దించుకున్నాడు. నత్తమ్మ రైటరు చేతిలోంచి కవరు తీసుకుంది. గడియారం 4:52. పై ఆఫీసరు ఫోన్ మోగుతోంది, మోగనిచ్చింది. కలం తీసి మూడు కవర్ల మీదా గుండ్రటి అక్షరాలతో, తొందర లేకుండా ఒకే వాక్యం రాసింది. ముసలామెకి చదువు రాదు.

"ఏం రాశారమ్మా?"

"'ఈ గీతలు మెరుగు పెట్టినావిడవి కావు' అని."

ముసలామె ఆ అక్షరాల మీద వేలు పెట్టబోయి, అలవాటుకొద్దీ వెనక్కి తీసుకుంది.

ఇదీ జరిగింది. ఇంకొకరికి చెప్పేటప్పుడు గంటలూ నిమిషాలూ అటూ ఇటూ అయినా ఫరవాలేదు. ఆ కవరు మీద మాట మాత్రం ఉన్నదున్నట్టు చెప్పు. మైనస్‌ని మైనస్ అనే చెప్పు. ఆవిడ పని మంచిదని వినేవాళ్ళకి తెలియాలి.